ఆగ్నేయం పొగ, నైరుతి దగ్గు

ఇల్లు కట్టేవాళ్లు ఊరూరా ఉంటారు. కట్టిన ఇంట్లోంచి పొగను బయటికి పంపేవాళ్లు తక్కువ. నేను ఆ రెండో రకం సుతారిని. సుతారి అంటే ఇటుక పని, సిమెంటు పని చేసే మేస్త్రి. ఆడది సుతారి ఏమిటని మొదట్లో నవ్విన ఇళ్లవాళ్లే, వంటిల్లు నల్లబడి కళ్లు మండినప్పుడు "లచ్చక్కను పిలువుండ్రి" అన్నారు. అట్లా పెద్దపల్లి నుంచి ఆదిలాబాద్ దాకా ఎన్ని వంటిళ్లలో తుమ్మానో నాకే తెలియదు.

ఇప్పుడు మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు, పని మానేశాను. నోరు మాత్రం మానలేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలను చూస్తున్నాను. చేతిలో డ్రిల్లింగ్ మిషన్, ఫోనులో ఇంటి బొమ్మ, నెత్తి మీద టోపీ. అన్నీ బాగున్నాయి. పొగ సంగతి మాత్రం ఫోను చెప్పదు కదా. నేను చెప్తాను, వినండి.

పొగ బుద్ధి చుట్టం బుద్ధి లాంటిది. దారి చూపిస్తే మర్యాదగా పోతుంది. చూపించకపోతే నడింట్లో పడుకుంటుంది. ఎంత పెద్ద ఇల్లు, ఎంత నున్నటి టైల్సు అని చూడదు.

మామ బీడీ

నాకు పని నేర్పింది మా మేనమామ ఎల్లయ్య. ఆయన దగ్గర మాలు కలిపి అందించే పనికి కుదిరాను. మాలు అంటే ఇసుకా సిమెంటూ కలిపిన ముద్ద. నేను తట్ట ఎత్తుకుని వచ్చేసరికి ఆయన బోర్లించిన బకెట్ మీద కూర్చుని బీడీ కాలుస్తుండేవాడు. రోజూ అదే తీరు. పని దొంగ అనుకున్నాను.

పెద్దపల్లిలో ఒక ఇల్లు కడుతున్నప్పుడు ఇంటాయన కూడా అదే అనుకున్నాడు.

"ఏమయా ఎల్లయ్యా, పని చెయ్యుమంటే నడిమిట్ల కూసోని బీడీ తాగుతున్నవేంది?"

"పనే చేస్తున్న పటేలా. నీ ఇంట్ల గాలి ఎటు పోతుందో చూస్తున్న."

"గాలి ఎటువోతే నీకేంది?"

"ఇయ్యాల బీడీ పొగ ఎటువోయిందో, రేపు చాపల పులుసు వాసన గటే పోతది. అగో సూడు, సక్కగ నీ పడకటింట్లకు పోతుంది."

ఇంటాయన చూశాడు. నిజంగానే ఆ సన్నటి పొగ గీత గీసినట్టు వంటింటి దర్వాజ దాటి, నడవ దాటి, పడకగదిలోకి తిరిగింది. ఆయనకు సరదా పుట్టి తనూ ఒక బీడీ ముట్టించాడు. ఇద్దరూ మూలమూలకూ పోయి ఊదుతున్నారు. ఇంతలో ఇంటామె చీపురు పట్టుకుని వచ్చింది.

"ఇల్లు ఇంకా కట్టనే లేదు, అప్పుడే పొగ బెడుతున్నరా? లేవుండ్రి ఇద్దరు!"

మామ లేచి, చేతులు కట్టుకుని ఆమెను అడిగాడు. "అవ్వా, నువ్వు నిలవడి వండుతవా, కూసోని వండుతవా? పొయ్యి మీద కూర ఉండంగ ఎటు మొకం బెడుతవు?"

ఆ మాట అడిగిన మేస్త్రిని ఆమె అంతవరకు చూడలేదట. చీపురు పక్కన పెట్టి, ఎక్కడ ఏం ఉండాలో గోడ గోడకూ చూపించింది. నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. డబ్బిచ్చే మనిషిని ఇంటి గురించి అడగండి. వండే మనిషిని వంటింటి గురించి అడగండి. చాలా ఇళ్లలో వాళ్లిద్దరూ ఒకరు కారు.

మామ పద్ధతిలో ఒక్కటే నాకు నచ్చలేదు, ఆ బీడీ. నేను దాని బదులు ఎండుమిర్చి పట్టుకున్నాను. వేడి పెనం మీద ఒక మిరపకాయ వేసి, ఇంట్లో ఎవరు ముందు తుమ్ముతారో చూసేదాన్ని. వంటింట్లో ఉన్నవాళ్లకంటే ముందు హాల్లో టీవీ చూసే పెద్దాయన తుమ్మితే, గాలి నడక తెలిసినట్టే. మిషన్లు అవసరం లేదు. ముక్కు ఉంటే చాలు.

కవర్ తీయని చిమ్నీ

మెట్‌పల్లి దగ్గర గంగామణి అని ఒకామె. పెనిమిటి దుబాయిలో ఉంటాడు. సెలవు మీద వచ్చినప్పుడు ఆయన ఇష్టంగా వంటింట్లో అద్దం చిమ్నీ పెట్టించి, మళ్లీ విమానం ఎక్కాడు. చిమ్నీ పెట్టినా పొగ వస్తుందని గంగామణి నన్ను పిలిపించింది.

పోయి చూద్దును కదా, చిమ్నీ మీద కంపెనీ వేసిన ప్లాస్టిక్ కవర్ అట్లానే ఉంది. దాని మీద పసుపు కుంకుమ. కింద గ్యాసు పొయ్యి తళతళా మెరుస్తోంది. వంటింటి గోడలు తెల్లగా ఉన్నాయి.

"పొగ ఏది బిడ్డా?" అన్నాను.

"ఇక్కడ కాదక్కా, యెనుక."

వెనుక రేకుల షెడ్డు. అందులో కట్టెల పొయ్యి. రేకులు, గోడలు, ఆఖరికి అక్కడ కట్టేసిన మేకపిల్ల కూడా నల్లగా ఉంది. అది పుట్టుకతోనే నలుపట, తర్వాత తెలిసింది.

"గింత మంచి వంటిల్లు పెట్టుకోని గీడ వండుతున్నవేందే?"

"ఇంట్ల వండితె చిమ్నీకి జిడ్డు వడతది గదక్కా. ఆయన గంత పిరం పెట్టి తెచ్చిండు."

ఇంతలో దుబాయి నుంచి వీడియో కాల్ వచ్చింది. గంగామణి పరుగున వంటింట్లోకి పోయి చిమ్నీ స్విచ్ వేసింది.

"ఏమే, చిమ్నీ నడుస్తుందా?"

"ఇగో, సప్పుడు ఇను. మస్తు గుంజుతుంది."

ఫోను పెట్టేసి స్విచ్ ఆపేసింది. చిమ్నీ ఆ ఇంట్లో మొగుడితో మాట్లాడేటప్పుడు మాత్రమే నడిచే వస్తువు. నేను నవ్వాపుకుంటూ పైపు ఎటు పోయిందని వెతికాను. బిగించిన పిలగాండ్లు గోడకు పొక్క కొట్టడం బద్ధకమై, పైపును అటక మీద బొంతల మధ్యలో వదిలేసి పోయారు. నిజంగా వండి ఉంటే ఆ ఇంటి బొంతలన్నీ చేపల వాసన కొట్టేవి. ఆమె పొదుపు ఆమె బొంతలను కాపాడింది.

పైపును బయటికి తీశాను. కానీ అంతకంటే ముందు చేసింది షెడ్డు పని. రేకుల్లో ఒకదాన్ని ఎత్తి, వాన పడకుండా దాని మీద ఇంకో రేకు గొడుగు పట్టినట్టు బిగించాను. పొగ ఆ రోజే దారి పట్టింది. పిల్లలూ, చిమ్నీ ఎక్కడ ఉందో అక్కడికి పోకండి. పొయ్యి ఎక్కడ వెలుగుతుందో అక్కడికి పొండి. రెండూ ఒకచోటే ఉంటాయని నమ్మకండి.

ఆగ్నేయం పక్కన నైరుతి

ఇక ఎన్ని ఇళ్లు మరచినా మరవని పని శ్రీరాంపూర్‌లో పడింది.

బొగ్గుబావుల్లో పనిచేసి రిటైరైనవాళ్లు కొందరు అక్కడ వరుసగా ప్లాట్లు కొని ఇళ్లు కట్టుకున్నారు. అన్నీ ఒకే వైపుకు, ఉత్తరం ముఖం. అందరికీ ఒకే వాస్తు. ఆగ్నేయం మూలన వంటిల్లు, నైరుతి మూలన ఇంటి పెద్ద పడకగది. ఒక్కొక్క ఇల్లు విడిగా చూస్తే వంక పెట్టడానికి లేదు.

వరుసగా నిలబెట్టి చూస్తే ఉంది తమాషా. ఒక ఇంటి ఆగ్నేయం పక్కన వచ్చేది ఏమిటి? పక్కింటి నైరుతి. అంటే ప్రతి ఇంటి వంట పొగా పక్కింటి పెద్దమనిషి మంచం మీదికే. వాస్తు చెప్పినాయన ఒక్కో ఇంటికి వచ్చి చెప్పాడు కానీ, సందులో నిలబడి చూడలేదు. ఆ వరుసలో ప్రతి పెద్దమనిషికీ పక్కింట్లో ఇవాళ ఏం కూరో తెలుసు. తూర్పు చివరి ఇంటి పొగ మాత్రం ఖాళీ జాగాలో మేకల మీదికి పోయేది.

అందరూ సర్దుకున్నారు, ఒక్క కొమురయ్య తప్ప. ఆయన తప్పు లేదు. ఎన్నో ఏళ్లు బావిలో బొగ్గు దుమ్ము పీల్చిన ఛాతీ. పైగా ఆయనకు పడమటి పక్కన ఉన్న ఇల్లు మార్తమ్మది. మార్తమ్మ మామూలుగా వండే మనిషి కాదు. పెనిమిటి పోయిన తర్వాత సకినాలు, గారెలు, కారప్పూస చేసి పెళ్లిళ్లకూ, గల్ఫ్ పోయేవాళ్లకూ ఇస్తూ ఇల్లు నడుపుతోంది. పొద్దున చర్చి పాట పాడుకుంటూ పెద్ద మూకుడు పెట్టిందంటే సాయంత్రం దాకా దించదు. గోడకు ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాను ఆ నూనె పొగనంతా సందులోకి తోసేది. సందుకు అవతల కొమురయ్య కిటికీ.

నేను పోయేసరికి పరిస్థితి ఇట్లా ఉంది. కొమురయ్య ఎవరి పెళ్లిదో పాత ఫ్లెక్సీ తెచ్చి సందులో అడ్డం కట్టాడు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఇద్దరూ నల్లబడిపోయారు. పొగ తిరిగి మార్తమ్మ మీదికే వస్తోంది. ఆమె దగ్గుతోంది, ఆయనా దగ్గుతున్నాడు. మాటలు మాత్రం లేవు. చెల్లె, అన్నా అని పిలుచుకున్న మనుషులు గోడకు చెప్పినట్టు చెప్పుకుంటున్నారు.

"దసరా దాకా చూస్త. ఆ తర్వాత ఆ పొయ్యన్న ఉండాలె, నేనన్న ఉండాలె. మున్సిపాలిటిల కాయితం ఇస్త," అన్నాడు కొమురయ్య నాతో, ఆమెకు వినబడేట్టు.

"పొయ్యి బందువెడితె నేనేం తిని బతకాలెనో గది గూడ కాయితంల రాయుమను," అంది మార్తమ్మ నాతో, ఆయనకు వినబడేట్టు.

నన్ను పిలిచింది వీళ్లిద్దరూ కాదు. కొమురయ్య భార్య రాజమ్మ. ఆమె బాధ వేరు.

"డాక్టరు పొగకు దూరం ఉండుమన్నడక్కా. ఈయన మంచం జరుపుదమంటె ఇనడు. ముందటి అర్రల పండుమంటె, నైరుతి ఇడిసిపెడితె పెద్దరికం పోతదంటడు. రాత్రంత దగ్గుతనే ఉంటడు. నాకైతె భయమైతుంది."

"పెద్దరికం అంటె ఏమనుకున్నవు?" అన్నాడు కొమురయ్య, మాట పూర్తి కాకముందే దగ్గు.

గోడ ఎవరిది

పని కష్టమేమీ కాదు. పొయ్యి మీద రేకు గొడుగు దించి, దానికి పైపు వేసి, పొగను పైకి ఎక్కించాలి. ఎటు ఎక్కించాలన్నదే చిక్కు.

మార్తమ్మ ఇల్లు పొట్టిది. కొమురయ్యది ఎత్తు, నైరుతి మూలన పైన నీళ్ల ట్యాంకు కూడా ఉంది. మార్తమ్మ కప్పు మీద పైపును ముగిస్తే, గాలి కొమురయ్య గోడకు కొట్టుకుని పొగను మళ్లీ సందులోకే దించుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి: పక్కన ఎత్తైన గోడ ఉంటే పొగ గొట్టం దానికంటే ఎత్తుగా పోవాలి. లేకపోతే పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. అంత పొడుగు గొట్టాన్ని మార్తమ్మ పొట్టి ఇంటి మీద ఒంటరిగా నిలబెడితే ఎండాకాలం గాలిదుమారానికి పోయి పక్క ఊరు నస్పూర్‌లో పడుతుంది.

పైగా మార్తమ్మకు ఇంకో భయం. "మాకు వాస్తు గీస్తు లేదు లచ్చక్కా. కని రేపు ఇల్లు అమ్మవలసొస్తె కొనేటోళ్లకు ఉంటది గదా. ఆగ్నేయం నైరుతి కంటె ఎత్తు లేస్తె ఎవలు కొంటరు?"

నేను సందులో నిలబడి పైకి చూశాను. ఉన్నది ఒకటే దారి. గొట్టం మార్తమ్మ వంటింట్లోంచి సందు దాటి, కొమురయ్య గోడ పట్టుకుని, ఆయన ట్యాంకు దాటి పైకి పోవాలి.

మార్తమ్మకు చెప్పాను.

"ఆయన గోడకు నా గొట్టమా? నేనడుగ. రేపు లొల్లి అయితె పీకి నా నెత్తి మీదనే ఏస్తడు."

కొమురయ్యకు చెప్పాను.

"ఆమె పొగ నా గోడ ఎక్కుడా? నా నైరుతిల? నీకు జర తెలివున్నదా లచ్చక్కా?"

"నీ నైరుతిల ఇప్పుడేమున్నది మరి?" అంది రాజమ్మ. "దగ్గు తప్ప?"

ఆయన మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. అట్లా తిరిగిన మనిషితో వాదించి లాభం లేదు. నా పనిలో సగం సిమెంటుతో, సగం ఇట్లాంటి వీపులతో. నేను లేచి పోతున్నట్టు తట్ట సర్దుకుంటూ రాజమ్మతో అన్నాను.

"పోనియ్యి వదినె. నేను గాయిన మంచికే చెప్పిన. నైరుతి ఎంత ఎత్తుంటె ఇంటి పెద్దకు అంత బలం అంటరు గదా. ట్యాంకు మీదికెల్లి ఇంకో గొట్టం లేస్తె ఈ లైన్ మొత్తం మీద ఈయన నైరుతే ఎత్తైతుండె."

మంచం మీంచి, గోడ వైపు తిరిగిన గొంతే అడిగింది.

"ఎంత ఎత్తు?"

"నువ్వెంతంటె గంత."

"గా మూలమీది ఇంటోని ట్యాంకు కంటె ఎత్తు లేస్తదా?"

"రెండు మూరలు ఎక్కువే లేస్తది."

కొమురయ్య ఇటు తిరిగాడు. "గోడకు మొలలు కొట్టద్దు. క్లాంపులు పెట్టు. రంగు పోవద్దు."

వాస్తు మంచిదా చెడ్డదా అని పిల్లలు నన్ను అడుగుతారు. నాకు తెలియదు. ఇంటివాళ్లు దాన్ని నమ్ముతారు, అది తెలుసు. నమ్మకాన్ని ఎదిరించి కట్టిన గొట్టాన్ని వాళ్లు మీరు పోయిన మర్నాడే పీకేస్తారు. నమ్మకంతో పాటు ఎక్కించిన గొట్టం నిలుస్తుంది.

గాలి దిగే దారి

గొట్టం లేచింది, గోడకున్న ఫ్యాను దాని మొదట్లోకి మారింది. ఫ్లెక్సీ దిగింది, నల్ల పెళ్లికొడుకూ నల్ల పెళ్లికూతురూ విశ్రాంతికి పోయారు. దసరా దగ్గరికొచ్చింది, మార్తమ్మకు చేతినిండా పని ఉంది. బట్ట మీద సకినాలు చుట్టి, మూకుడు పెట్టి, మొదటి వాయి వేసి ఫ్యాను స్విచ్ నొక్కింది.

ఫ్యాను గీపెట్టింది. పొగ కదలలేదు. రేకు గొడుగు కింద కాస్త తారాడి, మార్తమ్మ ముఖం మీదికే వచ్చింది. ఆమె చెంగు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. నేను గొట్టం తట్టి చూశాను, మలుపు చూశాను, ఫ్యాను తిరుగుడు చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. నా ముఖం మాత్రం సరిగా లేదు.

సందు అవతలి కిటికీలోంచి కేక వచ్చింది. చాలా రోజుల తర్వాత ఆయన ఆమెతోనే నేరుగా మాట్లాడిన మాట అది.

"చెల్లె! కిడికిలు మూసినవా?"

"మూసిన! తెరిస్తె గాలికి మంట ఊగుతది!"

"అన్ని మూస్తె గాలి యాడికెల్లి రావాలె? రాని గాలి ఎట్ల పోతది? బాయిల మాకు గాలి దిగే దారి ఒకటి, ఎక్కే దారి ఒకటి. ఒకటి మూస్తె రెండోది పనిచెయ్యది!"

"గీ ముచ్చట అక్కడికెల్లే చెప్తవా, వచ్చి చూపిస్తవా?"

కాసేపటికి కొమురయ్య లుంగీ ఎగ్గట్టి, భుజాన తువ్వాలతో మార్తమ్మ గడప దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. వచ్చి, పొయ్యికి దూరంగా దక్షిణం గోడ మొదట్లో కాలి వేలితో చూపించాడు.

"గీడ తియ్యి. నేలకు జానెడు మీదికి. చల్లగాలి కిందికెల్లి వస్తది, మంటకు తాకది, పొగను ఎత్తుకోని పోతది."

ఆయన బావిలో గాలి తలుపుల దగ్గర పనిచేసిన మనిషట. రాజమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. అక్కడే పొక్క కొట్టి, ఎలుకలు రాకుండా జాలీ బిగించాను. మార్తమ్మ మళ్లీ స్విచ్ వేసింది. పొగ ఒక్కసారి తల ఎత్తి చూసి, గొట్టంలోకి దూరింది. ముగ్గురం మెడలు ఎత్తి పైకి చూశాము. ఊపిరి బయటికి పోవాలంటే ముందు లోపలికి రావాలి. ఇంత చిన్న సంగతి మరిచి ఊళ్లలో ఎంతమంది ఫ్యాన్ల మీద ఫ్యాన్లు పెట్టిస్తున్నారో! చిమ్నీ పనిచేయడం లేదని మిమ్మల్ని పిలిస్తే, ముందు గాలి వచ్చే దారి చూడండి. చాలాచోట్ల అదే ఉండదు.

"నిజం తెల్వాలంటె నేను వోయి పండాలె," అన్నాడు కొమురయ్య. "చెల్లె, ఘాటున్నయే ఎయ్యి. దయ తల్వకు."

ఆయన పోయి తన నైరుతి గదిలో, కిటికీ బార్లా తెరిచి మంచం ఎక్కాడు. మార్తమ్మ కారం దట్టించిన గారెలు వేసింది. నేనూ రాజమ్మా సందులో నిలబడ్డాము. రాజమ్మ చెవి కిటికీ వైపే ఉంది. ఎన్నో ఏళ్లుగా ఆ దగ్గును లెక్కపెడుతూనే పగలూ రాత్రీ గడిపిన మనిషి.

ఒక వాయి దిగింది. దగ్గు రాలేదు. రెండో వాయి దిగింది. రాలేదు. మార్తమ్మ జాలిగంటె పట్టుకుని తన వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి కనుబొమ్మలతో అడిగింది. రాజమ్మ తల అడ్డంగా ఊపింది.

ఇంకాసేపు గడిచింది. లోపల చప్పుడే లేదు. రాజమ్మ ముఖం మారిపోయింది. "ఏమయ్యా," అని పిలిచింది. పలకలేదు. "ఏమయ్యో!" అంటూ ఇంటి చుట్టూ తిరిగి లోపలికి పరిగెత్తింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని తొంగి చూశాను.

కొమురయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నోరు కాస్త తెరుచుకుని ఉంది. ఛాతీ మెల్లగా లేస్తోంది, దిగుతోంది. పట్టపగలు, పక్కింట్లో గారెలు కాలుతుండగా, మనిషి హాయిగా నిద్రపోతున్నాడు. రాజమ్మ మంచం పక్కన నిలబడి, లేపుదామా వద్దా అని చేయి చాపి అట్లానే ఆగిపోయింది.

సందు ఇవతలి నుంచి మార్తమ్మ గొంతు తగ్గించి అంది.

"లేపకు వదినె. ఇంకో వాయి ఎయ్యనియ్యి."